చక్రం హబ్‌ని వదలకుండా ఉండాలంటే: స్పోర్ట్స్ కారుకి బయట కొన్న అలాయ్ వీల్స్

(ఆస్టిన్‌లో తెలుగు కారు అభిమానులు ఒక శనివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు జరగండి, హబ్ మీద, అంటే చక్రం బిగించే మధ్య భాగం మీద, చూపించేవి అక్కడికి కనపడవు. జాకీ స్టాండ్ల మీద ఉన్నది సుబారు బీఆర్‌జెడ్, మొదటి తరం కారు. టయోటా 86 ఉన్నవాళ్లకి కూడా ఇవే కొలతలు, పేరు వేరైనా కింద ఉన్నది ఒకటే. మాజ్డా మియాటా వాళ్లు కొందరు కనిపిస్తున్నారు, బయట ఫోర్డ్ మస్టాంగ్‌లు ఆగి ఉన్నాయి, మీ నంబర్లు కూడా దారిలో చెప్తాను, రాసుకోండి.

సూటిగా విషయానికి వస్తాను. కారు కొన్న నెలకే మనవాళ్లకి చెయ్యి దురద మొదలవుతుంది, మొదట చూపు పడేది చక్రాల మీదే. ఫోటో పంపి అందరూ అడిగేది ఒకటే మాట, "అన్నా, ఇవి మన కారుకి పడతాయా?" పడతాయా అంటే వాళ్ల ఉద్దేశం రంధ్రాలు కలుస్తాయా, ఫెండర్‌కి రాసుకోదు కదా అని. అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది, అది మాత్రం ఎవరూ అడగరు: ఈ రిమ్ము నా హబ్‌కి గట్టిగా అదుముకుని కూర్చుంటుందా, వెయ్యి మైళ్లు తిరిగాక కూడా అలాగే ఉంటుందా? ఈరోజు నేను మాట్లాడేదంతా దాని చుట్టూనే.

చక్రాన్ని కారుకి పట్టి ఉంచేది ఏంటి అని అడిగితే స్టడ్లు, అంటే హబ్ నుంచి బయటికి పొడుచుకొచ్చిన మర కడ్డీలు, అని చెప్తాం. మేకుకి చొక్కా తగిలించినట్టు రిమ్ము ఆ స్టడ్ల మీద వేలాడుతూ ఉంటుందని చాలామంది మనసులో ఉంటుంది. అలా కాదు. ఈ కారు మాన్యువల్‌లో ఒక్కో నట్టుకి 120 న్యూటన్ మీటర్లు బిగించమని ఉంటుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద, మరలు పొడిగా ఉన్నప్పుడు, ఆ టార్క్ ఇస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్టడ్డు వెనక్కి లాగుతుంది కదా, ఆ లాగుడు సుమారు 50 వేల న్యూటన్లు, అంటే 5 టన్నుల బరువు పెట్టి రిమ్ముని హబ్ ముఖానికి అదిమినట్టు. ఇలాంటివి 5 ఉన్నాయి, మొత్తం 25 టన్నులు. కారు మొత్తం బరువు చూస్తే 1,250 కిలోల చుట్టూ ఉంటుంది. అంత బలంగా అదిమినప్పుడు రిమ్ము వెనక భాగానికి, హబ్ ముఖానికి మధ్య పుట్టే రాపిడే మీ బ్రేకుల్ని, మీ మలుపుల్ని, గుంతల్ని, అన్నింటినీ మోస్తుంది. స్టడ్డు పని లాగి పట్టుకోవడం ఒక్కటే, అడ్డంగా వచ్చే బరువు దాని మీద పడకూడదు.

మరి ఆ అదుము తగ్గిందనుకోండి. రిమ్ము హబ్ మీద కంటికి కనపడనంత జరగడం మొదలుపెడుతుంది. జరిగిన ప్రతిసారీ స్టడ్డు కొంచెం వంగుతుంది, చక్రం తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి ఇటు, ఒకసారి అటు. హైవే మీద నిమిషానికి ఎన్ని వందల చుట్లు తిరుగుతుందో మీకు తెలుసు. అలా వంగీ వంగీ ఒక స్టడ్డుకి పగులు పట్టి తెగుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ తెగుతుంది. లేదా నట్టు వదులై దానంతట అదే తిరుగుతూ బయటికొస్తుంది. ఏదైనా మొదలయ్యేది మాత్రం అదుము తగ్గిన చోటే.

ఈ రిమ్ముని ఒకరి చేతి నుంచి ఒకరికి ఇచ్చుకోండి. ఒక టైర్ షాపులో పక్కన పడేసిన దాన్ని అడిగి తెచ్చాను. ముందు వైపు చూడకండి, తిప్పి వెనక హబ్‌కి ఆనే ముఖం చూడండి. నల్లటి పొడి గీతలు, వాటి మధ్యలో అద్దంలా మెరిసే మచ్చలు కనిపిస్తున్నాయా? అది రెండు లోహాలు ఒకదాని మీద ఒకటి రాసుకున్న గుర్తు. ఇప్పుడు బోల్టు రంధ్రాల్లో వేలు పెట్టి తిప్పండి. రెండు రంధ్రాలు గుండ్రంగా లేవు, ఒక వైపు సాగి గుడ్డు ఆకారానికి వచ్చాయి, నట్టు కూర్చునే వాలు మీద మెట్టులాగా తగులుతుంది. ఇది నట్లు వదులుగా ఉండగా నడిపిన చక్రం. రంగు చెక్కుచెదరలేదు, ముందు నుంచి ఫోటో తీస్తే కొత్తదే అనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ రిమ్ములు కొనేవాళ్లు వెనక వైపు ఫోటో అడగకుండా ఒక్క డాలర్ కూడా పంపొద్దు అనేది అందుకే.

కంపెనీ ఇచ్చిన చక్రాలతో ఈ గొడవ చాలా తక్కువ, ఎందుకంటే రిమ్ము, నట్టు, హబ్ అన్నీ ఒకదాని కోసం ఒకటి చేసినవి. మనం బయటి రిమ్ము తెచ్చిన రోజున ఆ లెక్కలన్నీ మన చేతికి వస్తాయి.

మొదట బోల్టు ప్యాటర్న్, అంటే రంధ్రాలు ఎన్ని, అవి ఉన్న వలయం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు అని. బీఆర్‌జెడ్, 86 రెండూ 5×100. మియాటాలో 4×100, కానీ 2006 నుంచి 2015 వరకు వచ్చిన మూడో తరానికి మాత్రం 5×114.3. మస్టాంగ్ 5×114.3. ఇది అందరూ చూస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను, ఒక్క ప్రమాదం తప్ప. 5×112, 5×114.3 పక్కపక్కనే ఉంటాయి, అలాగే 4×98, 4×100. "రెండు మిల్లీమీటర్లే కదా, నట్టు ఎక్కుతోంది కదా" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. నట్టు ఎక్కుతుంది, నిజమే, స్టడ్డుని పక్కకి వంచుకుంటూ ఎక్కుతుంది. ఏ నట్టూ దాని వాలులో నిండుగా కూర్చోదు. రెంచ్ టిక్కుమంటుంది, మీరు బిగిసింది అనుకుంటారు, ఆ టార్క్ అంతా స్టడ్డుని వంచడానికే ఖర్చయి ఉంటుంది.

తర్వాత మధ్య రంధ్రం, సెంటర్ బోర్. ఇక్కడ హబ్ మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన అంచు చూడండి, దీని వ్యాసం 56.1 మిల్లీమీటర్లు. మొదటి, రెండో, నాలుగో తరం మియాటాకి 54.1, మూడోదానికి 67.1, ఇప్పటి మస్టాంగ్‌లకి 70.5. బయటి రిమ్ములు చేసేవాళ్లు ఒకే రిమ్ము పది రకాల కార్లకి అమ్మాలి కాబట్టి రంధ్రం పెద్దగా పెడతారు, 73.1 చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ ఖాళీ నింపడానికే హబ్ రింగ్. దీని మీద జరిగినంత వాదన దేని మీదా జరగదు. రింగ్ లేకపోతే చక్రం ఊడిపోతుందని ఒకరు, అసలు అక్కర్లేదని ఇంకొకరు. నా అభిప్రాయం చెప్తాను: బరువు మోసేది రింగ్ కాదు, ఇంతకుముందు చెప్పిన రాపిడే. కానీ బిగించేటప్పుడు రిమ్ము సరిగ్గా మధ్యలో ఉండాలి, కొంచెం పక్కకి జరిగి బిగుసుకుపోతే 60, 65 మైళ్లు దాటాక స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. రింగ్ పది, ఇరవై డాలర్లలో దొరుకుతుంది, వేసుకోండి. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ రింగ్ వద్దు, బ్రేకుల వేడికి మెత్తబడి అంటుకుపోతుంది, అల్యూమినియంది తీసుకోండి. రింగ్ రిమ్ములో పూర్తిగా లోపలికి దిగాలి, ఒక అంచు బయటికి ఉండి రిమ్ముకి, హబ్ ముఖానికి మధ్య ఇరుక్కుంటే 25 టన్నుల అదుమంతా ఆ రింగ్ అంచు మీద పడుతుంది. కొన్నాళ్లకి అది నలిగిపోతుంది, అది నలిగినంత మేరా మీ నట్లు వదులైనట్టే.

ఇప్పుడు నట్లు. నా లెక్కలో ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే, రిమ్ములకి రెండు వేల డాలర్లు పెట్టి నట్ల దగ్గర ఇరవై డాలర్లు మిగుల్చుకుంటారు. నట్టు రిమ్ములో కూర్చునే చోటు మూడు రకాలుగా ఉంటుంది: 60 డిగ్రీల కోను, గుండ్రటి బంతి ఆకారం, ఇంకోటి వాషర్‌తో అడుగు చదునుగా ఉండేది. బయటి రిమ్ముల్లో ఎక్కువగా వచ్చేది కోను. బీఆర్‌జెడ్‌కి, మియాటాకి, మస్టాంగ్‌కి కంపెనీ నట్లు కోనువే కాబట్టి మీరు కొంత అదృష్టవంతులు. హోండా వాళ్లకి కంపెనీ నట్లు బంతి ఆకారంవి, చాలా టయోటా అలాయ్‌లకి చదును వాషర్‌వి. వాటిని తీసి బయటి రిమ్ములో పెడితే కోను గుంటలో బంతి కూర్చున్నట్టు, ఒక సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. టార్క్ వస్తుంది, కొన్ని మైళ్లకి ఆ గీత దగ్గర అల్యూమినియం అణిగిపోతుంది, బిగింపు పోతుంది.

మర కొలత కూడా చూసుకోండి. టయోటా 86 వాళ్లు ముఖ్యంగా వినండి. కారు మీద టయోటా అని ఉంది కదా అని టయోటా నట్లు కొంటే అవి ఎం12×1.5 వస్తాయి, అంటే స్టడ్డు మందం 12 మిల్లీమీటర్లు, ఒక మరకి ఇంకో మరకి మధ్య 1.5. మీ స్టడ్లు సుబారువి, ఎం12×1.25. తప్పు నట్టు మొదటి ఒకటి రెండు చుట్లు చేత్తోనే ఎక్కుతుంది, అదే మోసం, ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ ఇంపాక్ట్ గన్ పెడితే స్టడ్డు మరలు ఊడి వస్తాయి. మియాటాకి 1.5 మర, 2015 నుంచి వచ్చిన మస్టాంగ్‌కి ఎం14×1.5.

అందుకే ఏ నట్టైనా మొదట చేత్తోనే ఎక్కించాలి, పానా ముట్టుకోకూడదు. ఎక్కించేటప్పుడు చుట్లు లెక్కపెట్టండి. కనీసం స్టడ్డు మందం ఎంతో అంత పొడుగు మరలో నట్టు పట్టి ఉండాలి. 1.25 మర మీద 12 మిల్లీమీటర్లు అంటే దాదాపు 10 చుట్లు, 1.5 మర మీద 8, మస్టాంగ్‌కి 9కి పైన. కొత్త రిమ్ము స్టడ్ల చుట్టూ కంపెనీ రిమ్ము కంటే మందంగా ఉంటే, లేదా రిమ్ముని బయటికి జరపడానికి హబ్‌కి, రిమ్ముకి మధ్యలో స్పేసర్ అనే బిళ్ల పెడితే, ఈ లెక్క ఒక్కసారిగా ఆరుకో ఐదుకో పడిపోతుంది. బయట నుంచి చూస్తే ఏ తేడా తెలీదు, నట్టు మూసి ఉంటుంది కదా. లెక్కపెడితేనే తెలుస్తుంది.

స్పేసర్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. స్పేసర్ అంటేనే పాపం అనేవాళ్లతో నేను ఏకీభవించను. హబ్‌కి తగిన మధ్య అంచుతో చేసిన మంచి స్పేసర్, దానికి తగ్గట్టు పొడుగు స్టడ్లు వేయించుకుంటే నిక్షేపంగా నడుస్తుంది. నేను వద్దనేది ఆ పల్చటి బిళ్లల్ని, 5 మిల్లీమీటర్లవి, పది రకాల రంధ్రాలు తొలిచి ఏ కారుకైనా పడుతుందని అమ్మేవి. అవి హబ్ మధ్య అంచుని సగం మింగేస్తాయి, మరలోంచి 5 మిల్లీమీటర్లు లాగేస్తాయి, ఉన్న రంధ్రాలన్నీ కలిసి ఆనే ముఖాన్ని కూడా తగ్గించేస్తాయి.

ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ అంకె, దాని గురించి మీరు అందరూ బోలెడు చదివి ఉంటారు, కాబట్టి ఒక్క లెక్క మాత్రం చేసి చూపిస్తాను. ఈ కారు కంపెనీ రిమ్ము 17 అంగుళాలు, వెడల్పు 7, ఆఫ్‌సెట్ 48. మీరు 8 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 40 కొంటున్నారనుకుందాం. ఒక అంగుళం పెరిగింది, అందులో సగం, 12.7 మిల్లీమీటర్లు, చెరో వైపు వెళ్తుంది. ఆఫ్‌సెట్ 8 తగ్గింది కాబట్టి రిమ్ము మొత్తం 8 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. బయట అంచు 20.7 బయటికి, లోపలి అంచు 4.7 లోపలికి. ఇంతే. ఈ రెండు అంకెలు చేతిలో పెట్టుకుని ఇప్పుడున్న చక్రం దగ్గర టేపుతో కొలవండి, లోపల సస్పెన్షన్ స్ట్రట్‌కి ఎంత ఖాళీ ఉంది, బయట ఫెండర్‌కి ఎంత ఉంది అని. కొలిచేది కారు నిలబడి ఉన్నప్పుడు మాత్రమే కాదు, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఆ మూల సస్పెన్షన్ పైకి నొక్కుకున్నప్పుడు కూడా. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు ఎక్కడ ఉన్నాయో చేత్తో తడిమి చూడండి, ఫెండర్ ప్లాస్టిక్‌కి రాసుకుంటే శబ్దం వస్తుంది, బ్రేక్ గొట్టానికి రాసుకుంటే ఏ శబ్దమూ రాదు.

బ్రేక్ ప్యాడ్లని పట్టుకునే కాలిపర్ దగ్గర కనీసం 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. అక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. రిమ్ము ఖాళీగా ఉన్నప్పుడు పెట్టి చూస్తారు, బాగానే తిరుగుతుంది. తర్వాత టైర్ షాపులో లోపలి వైపు బ్యాలెన్సింగ్ బరువులు అంటిస్తారు, సరిగ్గా కాలిపర్ ఎదురుగా. అవి నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటాయి. మొదటి చుట్టులోనే గీరుకుని ఊడిపోతాయి. ఆ షాపు తమ్ముడికి ముందే చెప్పండి, బరువులు ఎక్కడ పడాలో మార్కర్‌తో గీసి ఇవ్వండి.

టైర్ సైజుకి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఈ కారుకి కంపెనీ ఇచ్చే 215/45 ఆర్17 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్క గోడ ఎత్తు అందులో శాతం, రిమ్ము అంగుళాల్లో) వ్యాసం 625 మిల్లీమీటర్లు. 18 అంగుళాలకి వెళ్తే 215/40 తీసుకోండి, 629 వస్తుంది. 225/40 అయితే 637, సుమారు రెండు శాతం ఎక్కువ. ఆమేరకు మీ స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, ఫెండర్ దగ్గర ఖాళీ కూడా కొంత తగ్గుతుంది. సన్నటి టైరుని వెడల్పు రిమ్ముకి సాగదీసి ఎక్కించడం చూడటానికి కొందరికి నచ్చుతుంది, మలుపులో టైరు రిమ్ము అంచు వదిలేస్తే మాత్రం ఆ అందాన్ని చూసేవాళ్లుండరు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం.

రిమ్ము మోయగల బరువు చూడండి. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ముందు యాక్సిల్‌కి, వెనక యాక్సిల్‌కి గరిష్ఠ బరువు ఎంతో రాసి ఉంటుంది. పెద్ద అంకె తీసుకుని సగం చేయండి, రిమ్ము వెనక అచ్చులో ఉన్న లోడ్ రేటింగ్ దానికంటే తక్కువ ఉండకూడదు. అసలు లోడ్ రేటింగే లేని రిమ్ము అయితే ఎంత చవకైనా వద్దు. దాని పక్కనే జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు వెతకండి. జేడబ్ల్యూఎల్ అనేది జపాన్ అలాయ్ వీల్ ప్రమాణం, దాని కింద మలుపుల్లో వంగుడు అలసట, డ్రమ్ము మీద తిరుగుడు అలసట, దెబ్బ తట్టుకోవడం అనే పరీక్షలు ఉంటాయి. కానీ ఆ ముద్ర వేసుకునేది తయారీదారే. వీఐఏ అంటే బయటి సంస్థ పరీక్షించి నమోదు చేసింది. అందుకే నాకు రెండూ కావాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్న మన తమ్ముళ్లు, బావమరదులు కొనేటప్పుడు అలాయ్ వీల్స్‌కి మన దేశంలో ఉన్న ప్రమాణం ముద్ర ఉందా అని అడగమనండి. అక్కడ ముందు చెప్పకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లకి, వానాకాలం గుంతలకి పల్చటి సైడ్‌వాల్ ఉన్న పెద్ద రిమ్ము పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

నకిలీల గురించి. రేస్ (Rays) అనే జపాన్ కంపెనీ వాళ్ల టీఈ37 రిమ్ము మీలో సగంమందికి కలలో కూడా వస్తుందని తెలుసు. 15 అంగుళాల 6 అంగుళాల వెడల్పు రిమ్ము 3.7 కిలోలే ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అది ఫోర్జ్ చేసినది, అంటే లోహాన్ని ఒత్తి సాంద్రంగా చేసి మలిచినది, అందుకే అంత పల్చగా ఉన్నా అంత బలం. అదే ఆకారాన్ని మామూలు పోతపోసి పావు ధరకి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆకారం కాపీ చేయొచ్చు, లోపల లోహం కాపీ కాదు. పోత రిమ్ముకి ఆ బలం రావాలంటే స్పోక్‌లు లావుగా ఉండాలి. అలాంటి పల్చటి స్పోక్‌తో పోత రిమ్ము గుంతలో పడితే వంగదు, చిట్లుతుంది. ఫోర్జ్‌డ్ కొనే స్తోమత లేకపోతే పేరున్న కంపెనీ ఫ్లో ఫార్మ్‌డ్ రిమ్ము, అంటే పోతపోశాక టైరు కూర్చునే భాగాన్ని తిప్పుతూ ఒత్తి సాగదీసినది, కొనండి, అందులో తక్కువేమీ లేదు.

సరే, ఇప్పుడు హబ్ దగ్గరికి రండి. ఇటు వైపు తుప్పు తీయలేదు, అటు వైపు తీసి పెట్టాను, రెండూ వేలితో తాకి చూడండి. మధ్య అంచు చుట్టూ ఒక గోధుమరంగు కట్ట లేచి ఉంది, గోరు పెడితే పొరలు పొరలుగా ఊడుతుంది. దీని మీద కొత్త రిమ్ము పెట్టి బిగిస్తే మొదటి రోజు అంతా బాగుంటుంది, తర్వాత ఆ పొర పొడై రాలిపోతుంది, రాలినంతా బిగింపులోంచే పోతుంది. వైరు బ్రష్‌తో మెరిసే దాకా రుద్దండి. కొన్ని కార్లకి ఫ్యాక్టరీలో రోటర్ (బ్రేక్ డిస్క్) కదలకుండా స్టడ్ల మీద పల్చటి రేకు క్లిప్పులు వేస్తారు, అవి తీసేయండి. రోటర్‌ని పట్టే స్క్రూలు ఉంటే వాటి తల పైకి లేవకూడదు. రిమ్ము వెనక ముఖం కూడా చూడండి, ఎవరైనా మళ్లీ రంగు వేయించి ఉంటే ఆనే ముఖం మీద, నట్టు కూర్చునే వాలు మీద మందంగా పెయింట్ ఉండకూడదు. పౌడర్ కోటింగ్ వేసేవాళ్లకి ఆ చోట్లు మూసి వేయమని ముందే చెప్పాలి.

రిమ్ము హబ్‌కి అతుక్కుపోకుండా మధ్య అంచు మీద మాత్రం, వేలికి అంటీ అంటనట్టు, కాస్త యాంటీ సీజ్ అనే గ్రీజు లాంటి పూత రాయొచ్చు. ఆనే ముఖం మీద వద్దు, స్టడ్ల మీద అసలు వద్దు. ఎందుకో చెప్తాను, ఇది కొంచెం ఓపిగ్గా వినండి. మనం రెంచ్‌తో పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, కొంత మరల్లో, కొంత నట్టు కూర్చునే చోట. స్టడ్డుని సాగదీసేది మిగిలిన 10 శాతమే. మాన్యువల్‌లో రాసిన 120 అనే అంకె పొడి మరలకి. నూనె రాస్తే ఆ 90 శాతంలో కొంత తగ్గుతుంది, తగ్గినదంతా స్టడ్డు మీదికి వెళ్తుంది, అదే 120 దగ్గర స్టడ్డు సగం మేర ఎక్కువ సాగొచ్చు. రెంచ్ మాత్రం ఎప్పట్లాగే టిక్కుమంటుంది. మంచి చేద్దామని నూనె రాసి స్టడ్లు పాడుచేసుకునేవాళ్లు నిజంగా ఉన్నారు.

ఇంకోటి, మనకి ప్రత్యేకంగా. మనం చదువుకున్నది మెట్రిక్‌లో, ఇక్కడ కొన్న రెంచ్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఫుట్ పౌండ్లు. 120 న్యూటన్ మీటర్లు అంటే 89 ఫుట్ పౌండ్లు. తలలో 120 గుర్తుండి ఫుట్ పౌండ్ల స్కేలు మీద 120 పెడితే అది 163 న్యూటన్ మీటర్లు, మూడో వంతుకి పైగా ఎక్కువ. ఇప్పటి మియాటాకి 80 నుంచి 108 ఫుట్ పౌండ్లు, 2015 నుంచి వచ్చిన మస్టాంగ్‌కి 150 ఫుట్ పౌండ్లు. మస్టాంగ్ ఉన్న స్నేహితుడి దగ్గర రెంచ్ అడిగి తెచ్చుకుంటే ముందు అంకె చూసుకోండి. బిగింపు అయిపోయాక రెంచ్‌ని కింది అంకెకి తిప్పి దాచండి, లోపలి స్ప్రింగు నొక్కుకునే ఉండిపోతే కొన్నాళ్లకి అబద్ధం చెప్తుంది.

బిగించే వరస: చక్రం గాల్లో ఉండగా అన్ని నట్లూ చేత్తో, రిమ్ముని హబ్‌కి అదిమి పట్టుకుని, చివరిదాకా ఎక్కించండి. తర్వాత నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి, సగం టార్క్‌కి. అప్పుడు టైరు నేలకి ఆనేంత వరకు మాత్రమే దించండి, చక్రం తిరగకుండా ఉంటే చాలు. అదే వరసలో పూర్తి టార్క్. మెల్లగా, ఒకే లాగుడులో. టిక్కు వచ్చాక ఇంకో రెండు టిక్కులు కొట్టడం మనవాళ్లకి అలవాటు, అది మానేయండి, ప్రతి టిక్కుకీ కాస్త ఎక్కువ బిగుస్తుంది. మన ఊళ్లో పంక్చర్ షాపుల్లో పానా మీద ఎక్కి తొక్కుతారు చూడండి, ఇనుప రిమ్ము లారీ దాన్ని భరిస్తుందేమో గానీ ఇది భరించదు.

ఆ తర్వాత 50 నుంచి 100 మైళ్లు తిరిగాక, చల్లారిన చక్రాల మీద, మళ్లీ టార్క్ చూడాలి. కొత్త రిమ్ములో పెయింట్ అణుగుతుంది, నట్టు కింద వాలు కొంచెం సర్దుకుంటుంది, ఈ సర్దుబాటు జరిగి తీరుతుంది. మొత్తం ప్రసంగంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే ఇది పెట్టుకోండి. షాపులో వేయించుకున్నా సరే, ఇంటికి వచ్చాక మీ చేత్తో మీరు చూసుకోండి. రెండోసారి చూసినప్పుడు నట్టు ఏమాత్రం తిరగకపోతే మంచిది. తిరిగితే మళ్లీ ఇంకో 50 మైళ్లకి చూడండి. అప్పుడూ తిరిగితే ఇక బిగించడం ఆపి చక్రం విప్పండి, ముఖంలోనో వాలులోనో ఏదో తేడా ఉంది.

ప్రశ్నలు అడగండి.

పోర్షా గురించి అడిగారు. ఇప్పటి 911ల్లో ఎక్కువవాటికి స్టడ్లు ఉండవండి, బోల్టులు నేరుగా హబ్‌లోకి వెళ్తాయి. ప్యాటర్న్ 5×130, మధ్య రంధ్రం 71.6, బోల్టు ఎం14×1.5, కూర్చునే చోటు బంతి ఆకారం. కోను బోల్టు పెట్టకూడదు. బయటి రిమ్ము కోనుది అయితే దానికి తగిన బోల్టులే కొనాలి. బోల్టు కార్లలో పొడుగు రెండు వైపులా ప్రమాదమే, పొట్టిదైతే మర పట్టదు, మరీ పొడుగైతే హబ్ వెనక నుంచి బయటికి వచ్చి లోపల పార్కింగ్ బ్రేక్ భాగాలకి తగులుతుంది. కొత్త బోల్టులు వేశాక ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి వినండి.

టీపీఎంఎస్ సెన్సార్లు, అంటే టైరులో గాలి తగ్గితే చెప్పేవి, మార్చుకోవాలా అని వెనక నుంచి అడుగుతున్నారు. అవును, అమెరికాలో 2008 మోడల్ నుంచి అన్ని కార్లకీ ఉండాల్సిందే, లేకుండా తిరగొద్దు. పాత రిమ్ముల్లోంచి మార్పించుకోండి, లేదా కొత్తవి కొని పాత వాటి ఐడీలు కాపీ చేయించుకోండి. మీ దగ్గర రెండు సెట్లు ఉంటే అదే సుఖం.

చీలిన రిమ్ముని వెల్డింగ్ చేయించుకోవచ్చా అంటున్నారు. నేను చేయించను. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల అల్యూమినియం మెత్తబడుతుంది, ఫ్యాక్టరీలో వేడి చేసి ఇచ్చిన బలం ఆ చోట పోతుంది. అంచు కొంచెం వంగితే సరిచేయించుకోవడం వేరు, స్పోక్‌లో పగులు వేరు. స్పోక్ పగిలితే ఆ రిమ్ము పని అయిపోయింది.

ట్రాక్ రోజు సంగతి అడిగారు కదా. మన ఆస్టిన్ రేస్ ట్రాక్ కోటాలో వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. సెషన్ అయ్యాక చక్రాలు సలసల కాగుతున్నప్పుడు టార్క్ చూడకండి, వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ పెరిగి ఉంటుంది, అంకె సరిగ్గా రాదు. చల్లారాక, తర్వాతి సెషన్‌కి ముందు, నాలుగు చక్రాలూ చూడండి. స్టడ్డు మరలో తేడా అనిపించినా, నట్టు చేత్తో సాఫీగా ఎక్కకపోయినా ఆ స్టడ్డు మార్చేయండి, అది కొన్ని డాలర్ల వస్తువు.

ఇక మాటలు చాలు. ముందు ఎడమ వైపు హబ్ శుభ్రం చేసి ఉంది, రిమ్ము ఇక్కడ ఉంది, నట్లు ఆ డబ్బాలో. మియాటా తమ్ముడూ, నువ్వు రా, చుట్లు బయటికి లెక్కపెడుతూ ఎక్కించు. రెంచ్ 89 దగ్గర పెట్టాను, ఫుట్ పౌండ్ల స్కేలు మీద, అయినా నువ్వు ఒకసారి చూసుకో.